సిక్లిడ్లకు కడుపు జబ్బు: మందు నీళ్లలోనా, మేతలోనా?

ట్యాంకులో పెంచుకునే సిక్లిడ్ చేపకి కడుపు పాడైందని చాలామంది గమనించేది పొట్ట ఉబ్బాకే. అప్పటికే జబ్బు బాగా ముదిరి ఉంటుంది. అంతకు కొన్ని రోజుల ముందే సూచనలు కనిపిస్తాయి, అదీ మేత వేసే ఆ రెండు నిమిషాల్లోనే.

మిగతా చేపలన్నీ మేత మీద ఎగబడుతుంటే ఒకటి మాత్రం వెనకే ఉండిపోతుంది. లేదా వచ్చి నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది, ఇక ఆ వైపు చూడదు. నిజానికి ఉమ్మడం ఒక్కటే జబ్బు లక్షణం కాదు. సిక్లిడ్ల గొంతులో రెండో జత దవడలు ఉంటాయి. మేతను అక్కడ నలిపి, కొంత బయటికి వదిలి, మళ్లీ అందుకోవడం వాటికి మామూలే. ఉమ్మేసి వెళ్లిపోతేనే అనుమానించాలి.

తిండి మానేసినా జబ్బు కాని సందర్భం ఒకటుంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లలో చాలా జాతుల ఆడచేపలు గుడ్లను నోట్లోనే పొదుగుతాయి. సుమారు మూడు వారాలు దాదాపు ఏమీ తినవు. గొంతు కింద ఉబ్బెత్తుగా ఉండి, నోరు ఊరికే నములుతున్నట్టు కదులుతుంటే దయచేసి దానికి మందులు వేయకండి.

రెండో సూచన మలం. ఆరోగ్యంగా ఉన్న చేప మలం ఇంచుమించు తిన్న మేత రంగులో ఉండి, త్వరగా తెగి కిందపడుతుంది. జబ్బు చేపకి తెల్లగా, జిగురుగా, దారంలా సాగి వెనక వేలాడుతూనే ఉంటుంది. అందులో ఉండేది ఆహారం కాదు, ఎక్కువగా పేగు గోడల జిగురే. కడుపు ఖాళీగా ఉన్న మంచి చేపకీ ఒక్కోసారి ఇలా కావచ్చు. తినకపోవడం, తెల్ల మలం రెండూ కలిసి వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు.

ఇలాంటప్పుడు తరచుగా పేరు వినిపించేవి స్పైరోన్యూక్లియస్, హెక్సామిటా. కశాభాలతో, అంటే కొరడాల్లాంటి సన్నని పోగులతో, ఈదే ఏకకణ జీవులివి. బాగున్న చేపల పేగుల్లోనూ కొద్దిగా ఉండొచ్చు. ట్యాంకులో రద్దీ, నీళ్లలో అమ్మోనియా, పెద్ద చేపల వేధింపు, పడని మేత, వీటిలో ఏదో ఒకటి చేపను బలహీనపరిస్తే అవి విజృంభిస్తాయి. మలావీలోని ఎంబూనా రకాలు, టాంగన్యీకా సరస్సులోని ట్రోఫియస్ రాళ్ల మీది నాచును గీక్కుని బతికే చేపలు. వాటి పేగు చాలా పొడవు. కొవ్వు, మాంసం ఎక్కువగా ఉన్న మేత వాటికి పడదు. 'మలావీ బ్లోట్' అని పిలిచే ఉబ్బు జబ్బు వీటినే ఎక్కువగా పట్టుకుంటుంది. దానికి ఒకే కారణం ఉందని ఎవరూ తేల్చలేదు, మేత, టెన్షన్, సూక్ష్మజీవులు కలిసే పని చేస్తాయని నా అభిప్రాయం.

చికిత్సలో చాలామంది పొరపడేది మందు ఎక్కడ వేయాలన్న దగ్గరే. మంచినీటి చేప నీళ్లు దాదాపు తాగదు. దాని ఒంట్లో లవణాలు బయటి నీళ్లకంటే ఎక్కువ కాబట్టి, మొప్పల ద్వారా నీరు దానంతటదే లోపలికి చేరుతూ ఉంటుంది. మూత్రపిండాలు దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తాయి. అందుకే ట్యాంకులో కలిపిన మందు పేగుదాకా చేరేది తక్కువ. చేప ఇంకా తింటుంటే, ఆ ఏకకణ జీవులను చంపే మందు మెట్రోనిడజోల్‌ను మేతలోనే కలిపి పెట్టాలి. పూర్తిగా మానేస్తే ఇక నీళ్లే దిక్కు. అప్పుడు వాడుకలో ఉన్న మోతాదు సుమారు 40 లీటర్లకు 250 మిల్లీగ్రాములు, రోజుకోసారి, మూడు రోజులు. ప్రతిసారీ మందు వేసే ముందు కొంత నీరు మార్చాలి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉంటే తీసేయాలి, లేకపోతే మందునంతా అదే పీల్చేస్తుంది. చేపల వైద్యం తెలిసిన పశువైద్యులు అందుబాటులో ఉంటే ముందు వారిని అడగండి.

పొట్ట ఉబ్బితే ఎప్సమ్ సాల్ట్ కొంత ఉపశమనం ఇస్తుంది. సుమారు 20 లీటర్లకు ఒక టీస్పూను, విడిగా కరిగించి కొంచెం కొంచెంగా పోయాలి. ఇది మెగ్నీషియం సల్ఫేట్, వంట ఉప్పు దీనికి బదులు కాదు. పొలుసులు నిక్కబొడుచుకున్నాయంటే మూత్రపిండాలు నీటిని తోడలేకపోతున్నాయని అనుమానించాలి. ఆ దశలో బతికే అవకాశం తక్కువ.

మలద్వారం నుంచి ఎర్రటి సన్నని దారాలు బయటికి కనిపిస్తే అవి కమల్లానస్ పురుగులు. వాటి మీద మెట్రోనిడజోల్ పని చేయదు, పురుగుల మందులైన లెవమిసోల్ గానీ ఫెన్‌బెండజోల్ గానీ కావాలి. అవి ఒక్క చేపలో కనిపించినా ట్యాంకు మొత్తానికి చికిత్స చేయాలి, అడుగున పేరుకున్న చెత్తను కూడా లాగేయాలి.