03/04 అంటే ఏ రోజు?

విదేశంలో ఉంటున్న మిత్రుడొకడు మార్చి 1 నుంచి మే 31 వరకు రోజూ ఒకే సమయానికి ఉష్ణోగ్రత కొలిచి, ఆ 92 రోజుల లెక్కలన్నీ ఒక సీఎస్‌వీ ఫైల్లో (విలువల మధ్య కామాలు పెట్టిన మామూలు అక్షరాల ఫైల్) పెట్టి నాకు పంపాడు. ఎక్సెల్‌లో తెరిచి, తేదీల ప్రకారం సార్ట్ చేసి గ్రాఫ్ గీశాను. జనవరిలో మూడు చుక్కలు, డిసెంబరులో మూడు చుక్కలు కనిపించాయి. జనవరిలో వాడు థర్మామీటరు ముట్టుకోనే లేదు!

కారణం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. వాడు ముందు రోజు, తర్వాత నెల రాశాడు. నా కంప్యూటర్ అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉంది, అంటే ముందు నెల, తర్వాత రోజు. వాడి 01/03 మార్చి ఒకటి, నా దగ్గరకొచ్చేసరికి జనవరి మూడు అయిపోయింది. ఇంతవరకు అందరికీ తెలిసిన గొడవే. నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది మాత్రం ఆ తప్పులు ఆ కాలమ్‌లో పరుచుకున్న తీరు.

దగ్గరగా చూడండి. 13/03 నుంచి 31/03 వరకు ఉన్న తేదీలు ఎక్సెల్‌కి అర్థం కాలేదు, పదమూడో నెల లేదు కాబట్టి. అందుకని వాటిని తేదీలుగా కాకుండా ఉత్త అక్షరాలుగా ఉంచేసి, గడిలో ఎడమవైపుకి అంటించింది. అలాంటివి మూడు నెలల్లో కలిపి 56. మిగతా 36 తేదీలూ కుడివైపుకి జరిగి బుద్ధిగా కూర్చున్నాయి, అంటే ఎక్సెల్ వాటిని తేదీలుగా ఒప్పుకుంది. ఆ 36లో 03/03, 04/04, 05/05 ఎలా చదివినా ఒకటే, కాబట్టి మూడూ సరైనవి. 27 తేదీలు మార్చి-మే దాటి వేరే నెలల్లోకి పడ్డాయి, వాటి తప్పు గ్రాఫ్‌లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇక మిగిలినవి ఆరు. మార్చి 4 వెళ్లి ఏప్రిల్ 3లో, ఏప్రిల్ 3 వచ్చి మార్చి 4లో కూర్చున్నాయి. అలాగే మార్చి 5, మే 3 చోట్లు మార్చుకున్నాయి, ఏప్రిల్ 5, మే 4 కూడా అంతే. ఈ ఆరూ ఉండాల్సిన మూడు నెలల్లోనే ఉన్నాయి, ఏ అనుమానమూ రాదు. నిజం చెప్పాలంటే జనవరి చుక్కలు కంటపడకముందు, మార్చి 5న అంత వేడి ఎందుకు పెరిగిందా అని కారణాలు వెతకడం కూడా మొదలుపెట్టాను.

ఏడాది మొత్తానికి ఈ లెక్క చేస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. రోజు 12 లోపు ఉన్న తేదీలు ఏడాదికి 12 × 12, అంటే 144. వాటిలో 1/1, 2/2 లాంటి పన్నెండు తేదీలకు ఏ గొడవా లేదు. మిగిలిన 132 రోజులు రెండు రకాలుగానూ చదవొచ్చు. 365లో 132 అంటే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. నాకు భయం కలిగించేది ఈ నిష్పత్తే. పద్ధతి తేడా ఉన్నప్పుడు ప్రతి తేదీ తప్పుగా వస్తే మొదటి రోజే పట్టుకుంటాం. మూడింట రెండొంతులు అర్థం మారకుండా నడిచిపోతూ, మిగతా వంతులో చప్పుడు చేయకుండా మారిపోతే నెలల తరబడి ఎవరికీ తెలియదు.

ఏ దేశం ఎలా రాస్తుందో త్వరగా చెప్పేస్తాను. ఎక్కువ దేశాలది రోజు-నెల-ఏడాది. అమెరికాది నెల-రోజు-ఏడాది, కానీ అక్కడి సైన్యం మాత్రం రోజునే ముందు రాస్తుంది. చైనా, జపాన్, కొరియా, హంగరీ, లిథువేనియా ఏడాదితో మొదలుపెడతాయి. కెనడాలో మూడు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. హంగరీవాళ్లు ఇంటిపేరు కూడా ముందే రాస్తారు, పెద్దదాని నుంచి చిన్నదానికి రావడం వాళ్ల భాష నడక. తెలుగు నడకా అదే. 2019 మే 1న అని హాయిగా రాస్తాం, అడ్డగీతలు పెట్టి అంకెల్లో రాయాల్సి వస్తే మాత్రం తలకిందులు చేసి 01/05/2019 అంటాం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం. తేదీని ఎనిమిది అంకెల సంఖ్యగా చూడండి. ఏడాదిలోని వేల స్థానం అన్నిటికంటే బరువైనది, దానికి 1 అని నంబరు ఇద్దాం. అలా దిగుతూ వస్తే రోజులోని ఒకట్ల స్థానానికి 8 వస్తుంది. ఏడాది ముందు రాసేవాళ్ల వరుస 12345678. అమెరికావాళ్లది 56781234. రోజు ముందు రాసేవాళ్లది 78561234. రోజు-నెల-ఏడాది పద్ధతి చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్తుంది కాబట్టి అదే తర్కబద్ధం అని చాలామంది వాదిస్తారు, కానీ అంకెల దాకా దిగి చూస్తే ఆ వరుస నిలవదు. 31లో పదుల స్థానం ముందు, ఒకట్ల స్థానం తర్వాత వస్తుంది కదా. మొత్తం చిన్న నుంచి పెద్దకి వెళ్లాలంటే 31/12/2024ని 13/21/4202 అని రాయాలి! ఆ పక్కనే సమయం రాస్తే గంటలు, నిమిషాలు, సెకన్లు అంటూ మళ్లీ పెద్ద నుంచి చిన్నకే వస్తాం. బళ్లో స్థాన విలువలు అంత శ్రద్ధగా చెప్పే టీచర్లు తేదీని కూడా ఒక ఉదాహరణగా తీసుకుంటే పిల్లలకి అది జీవితాంతం గుర్తుంటుంది.

12345678 వరుసకి ఒక గొప్ప లాభం ఉంది. తేదీ అంటే ఏమిటో తెలియని యంత్రం, అక్షర క్రమంలో సార్ట్ చేయడం మాత్రమే వచ్చినది, ఈ తేదీలను కాలక్రమంలో పెట్టేస్తుంది. 1988లో వచ్చిన ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం 2024-03-04 అని రాయమనేది ఇలాగే. 3కి ముందు ఆ సున్నా తప్పనిసరి, లేకపోతే అక్షర క్రమంలో 2024-10 వచ్చి 2024-3 కంటే ముందు నిలబడుతుంది.

ఒక చిన్న పక్కదారి. 12/02/2021ని ఎటు నుంచి చదివినా ఒకటే అంకెలు. అలాంటి తేదీలకు అదృష్టమనీ శక్తి అనీ అంటగట్టేవాళ్లు చాలామంది. రోజు ముందు రాసే దేశాల్లో అది ఫిబ్రవరి 12, అమెరికాలో డిసెంబరు 2. దాదాపు పది నెలల తేడా. రాసే పద్ధతి మారగానే వేరే రోజుకి ఎగిరిపోయేది ఆ రోజుకి ఉన్న గుణం ఎలా అవుతుంది?

పాస్‌పోర్టు ఉంటే ఫోటో పేజీ అడుగున యంత్రాల కోసం ఉన్న రెండు వరుసలు చూడండి. రెండో వరుసలో పుట్టిన తేదీ ఏ దేశానిదైనా ఏడాది-నెల-రోజు క్రమంలోనే, ఆరంకెల్లో ఉంటుంది. దాని పక్కనే ఇంకో అంకె ఉంటుంది, అది చెక్ డిజిట్, అంటే అంకెల్లో తప్పు దొర్లితే పట్టుకోడానికి పెట్టింది. ఆరంకెలను వరుసగా 7, 3, 1, 7, 3, 1తో గుణించి, కూడి, పదితో భాగిస్తే వచ్చే శేషం అది. 1990 మార్చి 4 అంటే 900304: 63 + 0 + 0 + 21 + 0 + 4 = 88, శేషం 8. నెల, రోజు తారుమారై 900403 అయితే 63 + 0 + 0 + 28 + 0 + 3 = 94, శేషం 4. దొరికిపోయింది. అన్నీ ఇలా దొరుకుతాయా అని కాగితం మీద లెక్క వేశాను. దొరకవు. జనవరి 6, జూన్ 1 తీసుకోండి: 900106కి మొత్తం 76, 900601కి 106, రెండిటికీ శేషం 6. తారుమారయ్యే జంటలు మొత్తం 66, వాటిలో 9 తప్పించుకుంటాయి: 1-6, 2-7, 3-8, 4-9, 3-10, 8-10, 4-11, 9-11, 5-12. మిగిలిన 57నీ ఆ ఒక్క అంకె పట్టేస్తుంది, ఇంత చిన్న లెక్కకి అది చాలా గొప్ప పని.

మిత్రుడి ఫైల్లో అలాంటి కాపలా అంకె లేదు. ఆ ఆరు తేదీలకూ ఉన్న ఒకే ఒక సాక్షి, వాడు రోజు తర్వాత రోజు రాసుకుంటూ పోయిన వరుస. సార్ట్ చేసిన మరుక్షణం అదీ పోయింది. అసలు ఫైల్ మెయిల్లో అలాగే ఉండబట్టి బతికిపోయాను. ఈసారి నేరుగా తెరవకుండా, ఇంపోర్ట్ చేసేటప్పుడే తేదీల కాలమ్ రోజు-నెల-ఏడాది అని చెప్పి గ్రాఫ్ మళ్లీ గీశాను. మార్చి 5న పెరిగిందనుకున్న వేడి మే 3కి వెళ్లిపోయింది.