బిజినెస్ క్లాస్ అప్‌గ్రేడ్: కౌంటర్‌లో అడిగితే వస్తుందా?

“అక్కా, మీరు ఎయిర్‌పోర్టులో పనిచేశారు కదా, కౌంటర్‌లో ఎవరికైనా ఒక మాట చెప్తే అమ్మను బిజినెస్‌లో కూర్చోబెడతారా?”

బెంగళూరు మారతహళ్ళిలో టికెట్ల ఆఫీసు పెట్టుకున్నాక వారానికి రెండుసార్లయినా ఈ మాట వింటున్నాను. అంతకుముందు ఏడేళ్ళు దేవనహళ్ళి ఎయిర్‌పోర్టులో విదేశీ విమానాల చెకిన్ కౌంటర్‌లో నైట్ డ్యూటీలు చేశాను. ఆ ఏడేళ్ళలో నా ఇష్టంతో ఒక్కరికీ బిజినెస్ సీటు ఇవ్వలేదు. ఇచ్చే అధికారం నాకు లేదు. మా అత్తగారు సింగపూర్ వెళ్ళినప్పుడూ ఇవ్వలేదు. ఆవిడ ఆ సంగతి ఇంకా మరిచిపోలేదు, పండక్కి నలుగురు చేరితే ఇప్పటికీ తీస్తారు.

బెంగళూరులో చాలా విదేశీ ఎయిర్‌లైన్స్ కౌంటర్లలో కూర్చునేది ఆ కంపెనీ సొంత ఉద్యోగులు కూడా కాదు, ఎయిర్‌పోర్టు పనులు కాంట్రాక్టు మీద చేసే గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీవాళ్ళు. ఒకరిని ఎకానమీ నుంచి బిజినెస్‌కి జరపాలంటే డ్యూటీ మేనేజర్ ఒప్పుకోవాలి, ఎందుకు జరిపారో సిస్టమ్‌లో రాయాలి, తర్వాత ఎవరో ఒకరు దాన్ని చూసి అడుగుతారు. కాబట్టి సూటు వేసుకుని వెళ్ళడం, హనీమూన్ అని చెప్పడం, పుట్టినరోజని పాస్‌పోర్టు చూపించడం, అందరికన్నా ముందో వెనకో క్యూలో నిలబడటం, ఇవేవీ పనిచేయవు. మే నెలలో హిందూపురం నుంచి బస్సులో కోటు, టై వేసుకుని వచ్చినాయన నాకింకా గుర్తే. పాపం, ఫ్రాంక్‌ఫర్ట్ విమానంలో మధ్య సీటే దొరికింది.

ఇవన్నీ డబ్బు ఖర్చు కాని భ్రమలు, వదిలేద్దాం. జేబుకు చిల్లు పెట్టే అపోహ వేరే ఉంది: “ముందు చవక టికెట్ కొనేద్దాం, అప్‌గ్రేడ్ సంగతి తర్వాత చూసుకుందాం.”

పోయిన ఏడాది బెళ్ళందూరు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. వాళ్ళది ప్రొద్దుటూరు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, డల్లాస్‌లో చెల్లెలి కాన్పు. ఆన్‌లైన్‌లో అన్నిటికన్నా తక్కువకు వచ్చిన టికెట్ కొన్నాడు, గల్ఫ్‌లో విమానం మారాలి. మూడేళ్ళుగా క్రెడిట్ కార్డు మీద కూడబెట్టిన పాయింట్లన్నీ ఆ ఎయిర్‌లైన్ మైల్స్‌గా, అంటే ఆ ఎయిర్‌లైన్‌లోనే వాడుకునే పాయింట్లుగా, మార్చేశాడు. ఆ తర్వాత అప్‌గ్రేడ్ నొక్కితే, ఈ టికెట్‌కు వర్తించదని వచ్చింది. ప్రయాణం నాలుగు రోజుల్లో ఉందనగా నా దగ్గరికొచ్చాడు. ఒకసారి మైల్స్‌గా మార్చిన పాయింట్లు కార్డుకు వెనక్కి రావు. టికెట్‌నే బిజినెస్‌కి మారుద్దామంటే మార్పు చార్జీతో పాటు ఆ రోజు బిజినెస్ ధరకీ, తను కట్టినదానికీ తేడా కట్టాలి. రెండు నెలల ముందే నేరుగా బిజినెస్ కొనుంటే అంత అయ్యేది కాదు. ఆ టికెట్‌కు మైల్స్ అప్‌గ్రేడ్ లేదన్న ముక్క ఫేర్ రూల్స్‌లో, అంటే టికెట్ షరతుల్లో, మొదటి నుంచీ ఉంది, ఎవరు చదువుతారు?

ఎకానమీ అంతా ఒకటే అనుకుంటాం. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికీ అదే భోజనం, అదే మోకాళ్ళ ఇరుకు. కానీ వాళ్ళ ఈ-టికెట్లు తీసి చూస్తే బుకింగ్ క్లాస్ దగ్గర వేర్వేరు అక్షరాలుంటాయి. వై అంటే మామూలుగా పూర్తి ధర ఎకానమీ. దాని కింద ఇంకో డజను దాకా ఉంటాయి, ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో వరస. అట్టడుగు ఫేర్‌కు చాలాచోట్ల మైల్స్ అప్‌గ్రేడ్ ఉండదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో ఎకానమీ లైట్ అలాంటిదే. ఆ ఒక్క అక్షరం ఏమిటో డబ్బు కట్టకముందు చూడండి. కట్టాక, తేడా డబ్బు కట్టకుండా దాన్ని మార్చడం నా వల్లా కాదు, మేనేజర్ వల్లా కాదు.

అక్షరం సరైనదే కొన్నారనుకుందాం. అప్పుడు “సీట్ మ్యాప్‌లో బిజినెస్‌లో ఇరవై సీట్లు ఖాళీగా ఉన్నాయక్కా, మరెందుకివ్వరు?” అంటారు. ఆ ఖాళీల్లో కొన్ని అమ్ముడైపోయినవే, వాళ్ళింకా సీటు ఎంచుకోలేదు. కొన్ని బ్లాక్ చేసి పెట్టినవి. మిగిలినవాటిలో మైల్స్‌కి ఎన్ని వదలాలో ఎయిర్‌లైన్ విడిగా లెక్క పెట్టుకుంటుంది, ఒక్కోసారి ఆ లెక్క సున్నా. అందుకే పాయింట్లు మార్చే ముందే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి, మీ తేదీకి అప్‌గ్రేడ్ సీటు ఉందా అని అడగండి. ఇంకో దారి, నాకు నచ్చినది: ఎకానమీ కొని మైల్స్‌తో పైకెక్కే బదులు మొత్తం టికెట్‌నే మైల్స్‌తో బిజినెస్‌లో తీసుకోవడం. సీటు దొరకడం కష్టమే, కానీ అక్కడ ఈ అక్షరాల గొడవ ఉండదు. టికెట్ మీద ఒక ఎయిర్‌లైన్ పేరుండి విమానం ఇంకొకరిదైతే మాత్రం, కొనకముందే ఇద్దరినీ అడగాలి.

ఇక బిడ్, అంటే బిజినెస్ సీటుకు ఇంత ఇస్తానని వేలం పాటలా మనమే ఒక ధర చెప్పడం. “మీ టికెట్‌కు బిడ్ వేయండి” అని మెయిల్ రాగానే అప్‌గ్రేడ్ వచ్చేసినట్టే సంబరపడతారు. అందులో కనిపించే అంకె ఒక మనిషికి, ఒక లెగ్‌కి (అంటే ఒక విమానం ఎక్కి దిగేదాకా), ఒకవైపుకి. మీరిదివరకే కట్టిన టికెట్ డబ్బుకు అది అదనం. భార్యాభర్తలు ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే రెండింతలు. బిడ్ గెలిస్తేనే కార్డు నుంచి తీసుకుంటారు, తీసుకున్నాక వెనక్కివ్వరు. మైల్స్ జమ కావడం, రద్దు నిబంధనలు చాలా ఎయిర్‌లైన్స్‌లో పాత టికెట్ ప్రకారమే నడుస్తాయి. ముందే డబ్బు కట్టి కాళ్ళు చాపుకునే సీటు తీసుకునుంటే ఆ డబ్బు తిరిగి వస్తుందో లేదో షరతుల్లో చూసుకోవాలి.

నా సలహా అడిగితే, పొడుగు లెగ్‌కి మాత్రమే బిడ్ వేయండి. బెంగళూరు నుంచి దుబాయ్‌కో దోహాకో నాలుగు గంటల ప్రయాణం, అక్కడి నుంచి అమెరికాకు పద్నాలుగు, పదహారు గంటలు. చాలామంది మొదటి లెగ్ చవకని దానికి వేసి గెలుస్తారు, ఫొటోలు పెడతారు, ఆ తర్వాత పదహారు గంటలు నిటారుగా కూర్చుంటారు. బిడ్ వేసే ముందు, ఆ రోజు నేరుగా బిజినెస్ ధర ఎంతుందో కూడా చూడండి. ఎకానమీ, రెండువైపులా బిడ్లు కలిపితే ఆఫర్‌లో ఉన్న బిజినెస్ టికెట్‌ను దాటిపోయిన లెక్కలు నా దగ్గరే బోలెడున్నాయి. పన్ను కూడా మరవద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీకి జీఎస్టీ 5 శాతమే, పై క్లాసులకు మాత్రం 12 నుంచి 18 శాతమైంది.

మరి ఊరికే అప్‌గ్రేడ్ వచ్చినవాళ్ళు లేరా? ఉన్నారు. ఎకానమీలో ఉన్న సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్మితే కొందరిని పైకి జరుపుతారు. ఎవరిని జరపాలో జాబితా సిస్టమే ఇస్తుంది. తరచూ ఆ ఎయిర్‌లైన్‌లోనే తిరిగి స్టేటస్ తెచ్చుకున్నవాళ్ళు ముందు, తర్వాత ఎక్కువ ధర కట్టినవాళ్ళు. నలుగురున్న కుటుంబాన్ని విడదీయడం కన్నా ఒంటరిగా వెళ్ళేవాళ్ళను జరపడం తేలిక. ఎకానమీ నిండకపోతే బిజినెస్ సగం ఖాళీగా పోయినా ఎవరినీ కదపరు. ఒకసారి గేటు దగ్గర ఒక పెద్దాయన బోర్డింగ్ పాస్ పెట్టగానే మెషిన్ బీప్‌మంది. ఆయనకు చెమటలు పట్టేశాయి, “వీసా తప్పా మేడమ్?” అన్నారు. కొత్త బోర్డింగ్ పాస్ చేతిలో పెట్టాక కూడా నమ్మలేదు, దీనికి ఎంత కట్టాలని మూడుసార్లు అడిగారు. ఇలా చివరి నిమిషంలో వస్తే ముందుగా చెప్పుకున్న శాకాహార భోజనం మీతో పాటు ముందు క్యాబిన్‌కి రాకపోవచ్చు. ఎక్కగానే సిబ్బందికి చెప్పండి.

వీల్‌చెయిర్ అడిగితే అప్‌గ్రేడ్ అవకాశం పోతుందని, వస్తుందని, రెండు రకాలా విన్నాను. దానికీ దీనికీ సంబంధం లేదు, పెద్దవాళ్ళకు మొహమాటం లేకుండా అడగండి. “లోపల మనవాళ్ళున్నారు, యూపీఐలో పదిహేను వేలు పంపితే చేయిస్తాను” అనేవాడి నంబరు బ్లాక్ చేయండి, ఇంకేం మాట్లాడకండి.

బిజినెస్ టికెట్ కొన్నాక ఎకానమీలో కూర్చోమన్నారా? అది తలరాత అనుకుని ఊరుకోనక్కర్లేదు. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం విదేశీ ప్రయాణంలో పన్నులతో కలిపి టికెట్ ధరలో కొంత వెనక్కివ్వాలి. 1,500 కిలోమీటర్ల లోపు 30 శాతం, 3,500 లోపు 50, అది దాటితే 75.

ప్రొద్దుటూరు అమ్మ సంగతి చెప్పలేదు కదూ. మైల్స్‌కి పనికిరాని ఆ టికెట్‌కే బిడ్ అవకాశం మాత్రం ఉంది, పొడుగు లెగ్‌కి వేయించాను, గెలవలేదు. నడవా పక్క సీటు పెట్టించి, వీల్‌చెయిర్ చెప్పి, గంటకోసారి లేచి నడవమని ఆవిడకు ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను. ఐదు నెలల తర్వాత తిరుగు ప్రయాణానికి డబ్బు కట్టి అప్‌గ్రేడ్ చేసుకోమని ఎయిర్‌లైనే మెయిల్ పంపింది, ధర పర్వాలేదనిపించి కొడుకు కట్టేశాడు. దిగిన వారానికి ఆవిడ ఆఫీసుకే వచ్చింది, సంచి నిండా చాక్లెట్లతో.

“పడుకునే సీటు బాగుండె గానీ, నాకు నిద్రే పట్టలేదమ్మా. చుట్టూ గోడ కట్టినట్టు పెట్టినారు, పలకరించే దిక్కు లేదు. పోయేటప్పుడు పక్కన నెల్లూరామె ఉండె, పొద్దే తెలీలేదు.”