పులి మూడు, మేక పదిహేను

కోర్లగుంట,
తిరుపతి.

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి అవ్వ ఆశీస్సులు.

మీ స్నేహితులతో కలిసి చేయబోయే గేమ్ ప్లాన్ వాట్సాప్‌లో చూశాను. తుపాకుల బొమ్మలు బాగా వేశారు. మ్యాపులో తలకోన జలపాతం పెట్టడం నాకు మరీ నచ్చింది. కానీ ఇద్దరు ఎదురుపడితే కాల్చుకోవడం తప్ప ఇంకేం చేయొచ్చో ఎక్కడా రాయలేదు. అసలు రాయాల్సింది అదే. ఒక్కడే ఆడే గేమ్‌లో సరదా అంతా తయారుచేసినవాళ్లే పెట్టాలి. పదిమంది ఆడేదాంట్లో మాత్రం సరదా పక్కవాడి నుంచి వస్తుంది, ఏడుపూ వాడి నుంచే వస్తుంది. మీ చేతిలో ఉండేది రూల్స్ ఒక్కటే.

2012లో జర్నీ అని ఒక గేమ్ వచ్చింది. ఎడారిలో నడుస్తూ ఉంటే, ఎక్కడో కూర్చుని ఆడుతున్న ఇంకో మనిషి కలుస్తాడు. ఆడుతున్నంతసేపూ పేరు కనబడదు, మాట్లాడే వీల్లేదు, చిన్న కూత లాంటి శబ్దం చేయొచ్చు, అంతే. తయారీలో ఉన్నప్పుడు ఒకరినొకరు తోసే వీలుండేది. సాయం చేసుకుంటారని పెడితే, ఆడినవాళ్లు పక్కవాణ్ణి ప్రమాదంలోకి తోసి సంబరపడ్డారు. దాని డిజైనర్ జెనోవా చెన్ బృందం ఎవరికీ నీతులు చెప్పలేదు, తోయడమే తీసేసింది. పైగా ఇద్దరూ దగ్గరగా వస్తే ఎగిరే శక్తి నిండేలా పెట్టింది. ఇక తోసేవాళ్లే లేరు. ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఆగి ఎదురుచూసేవాళ్లు తయారయ్యారు.

పేరు దాస్తే మనిషి చెడిపోతాడని పెద్దవాళ్లు అంటుంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మన గంగ జాతర చూడండి. వేషం కట్టినవాళ్లు బూతులు తిట్టినా ఎవరూ కోప్పడరు, జాతర అయ్యాక ఎవరి పని వాళ్లది. అక్కడ తిట్టడానికి హద్దు ఉంది, రోజులున్నాయి, ఊరంతా ఒప్పుకున్న పద్ధతి ఉంది. మీ గేమ్‌లో చాట్ పెడుతున్నామన్నారు. దానికి హద్దేమిటో కూడా రాయండి. మ్యూట్ బటన్ ఎక్కడుంటుందో ఇప్పుడే అనుకోండి, గొడవయ్యాక కాదు.

ఇక పులిజూదం. మన వైపు పాత మండపాల్లో బండల మీద గీతలు చెక్కి ఉంటాయే, అదే. పులులు మూడు, మేకలు పదిహేను. రెండు పక్షాలకీ సమానమైన బలం లేదు, ఒకే రకం పనీ లేదు, అయినా పోటీ సరిగ్గా ఉంటుంది. పులి మేక మీదుగా దూకి తింటుంది, కానీ అవతలి గడి ఖాళీగా ఉంటేనే. అంటే ఒంటరి మేక ఆహారం, వెనక ఇంకో మేక ఉంటే గోడ. మేకలన్నీ కలిసి పులుల్ని కదలకుండా కట్టేస్తే గెలుపు. 'కలిసి ఉండండి' అని ఎక్కడా రాయలేదు, రూలే అలా నడిపిస్తుంది. 2016లో వచ్చిన డెడ్ బై డేలైట్‌లోనూ ఒక హంతకుడు, తప్పించుకోవాల్సినవాళ్లు నలుగురు. (పేరు చెప్పానని ఆడకండి, అది పెద్దవాళ్ల గేమ్.) అందరికీ ఒకే తుపాకీ ఇవ్వడమే న్యాయం అని మీరనుకుంటున్నారు. న్యాయమేమో గానీ, విసుగు పుడుతుంది.

ఇప్పుడు మీ స్నేహితుల సంగతి. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు మడ్ అనే గేమ్ చేశారు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. అయినా ఒకేసారి చాలామంది అందులో తిరిగేవాళ్లు. వాళ్లు ఎందుకొస్తున్నారని బార్టిల్ చాలా ఏళ్లు గమనించి 1996లో ఒక వ్యాసం రాశాడు. కొందరికి పాయింట్లు కావాలి, కొందరికి మూలమూలా వెతకాలి, కొందరికి కబుర్లు చాలు, కొందరికి ఎదుటివాణ్ణి ఏడిపిస్తేనే తృప్తి. ఆ చివరి రకం పెరిగితే కబుర్లవాళ్లు వెళ్లిపోతారని కూడా చెప్పాడు. చిన్నా, నువ్వు ఏ రకమో నేను చెప్పక్కర్లేదు. మీ ప్లాన్‌లో వెతికేవాడికి ఏముంది? జలపాతం వెనక ఏమీ లేకపోతే వాడు రెండోసారి రాడు.

ఆట వచ్చినవాడికి, రానివాడికి జత కడితే ఇద్దరికీ బోరే. చదరంగంలో ఎవరి బలమెంతో అంకెల్లో చెప్పడానికి అర్పాద్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఒక లెక్క కట్టాడు, అంతర్జాతీయ చెస్ సమాఖ్య 1970లో దాన్ని తీసుకుంది. బలమైనవాణ్ణి ఓడిస్తే ఎక్కువ పాయింట్లు, బలహీనుణ్ణి ఓడిస్తే తక్కువ. ఆన్‌లైన్ గేమ్స్‌లో జోడీలు కట్టే లెక్కలు చాలావరకు ఈ దారిలోవే. మారియో కార్ట్ అనే కార్ల పందెం గేమ్‌ది ఇంకో దారి. వెనకబడ్డవాడికి మంచి ఐటమ్స్, అంటే ముందుకు దూసుకెళ్లడానికో ముందున్నవాణ్ణి ఆపడానికో పనికొచ్చే వస్తువులు, దొరుకుతాయి. ముందున్నవాడికి ఒళ్లు మండుతుంది, కానీ ఇంట్లో అందరూ కలిసి ఆడగలుగుతారు. మీకేది కావాలో మీరే తేల్చుకోండి. నన్నడిగితే రెండోది.

లాగ్ గురించి, అంటే ఆడుతుంటే బొమ్మ కుదుపుతో వెనక్కి జరగడం గురించి బుజ్జి అడిగింది. నువ్వు బటన్ నొక్కగానే సర్వర్ (అందరి ఆటనీ కలిపి నడిపే కంప్యూటర్) జవాబు కోసం ఆగకుండా ఫోన్ నీ బొమ్మను కదిపేస్తుంది. సర్వర్ లెక్క వేరైతే దాన్ని వెనక్కి లాగుతుంది. అందుకే ఆ కుదుపు. దాని గోల తర్వాత చూద్దాం. ముందు కాగితం మీద చింతగింజలతో ఆడి చూడండి. ఎవరు ఎక్కడ విసుక్కున్నారో రాసుకోండి.

ఇంకొకటి. మీ గేమ్‌లో చచ్చిపోయినవాడు మిగతావాళ్లు ఆడినంతసేపూ ఏం చేయాలి? అమాంగ్ అస్ అనే గేమ్‌లో చనిపోయిన క్రూమేట్ (మంచి జట్టువాడు) దెయ్యమై తన పనులు చేసుకుంటూ జట్టుకు పనికొస్తాడు. మీవాడు స్క్రీన్ చూస్తూ కూర్చోవాలా? దీనికి జవాబు ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పండి.

మీ అవ్వ