ఉప్పునేల మొక్కల్లో కేన్సర్ మందు కోసం వెతుకులాట

లీటరుకు సుమారు 12 గ్రాముల ఉప్పున్న నీటిలో మొలిచి, పూత పూసి, గింజ కట్టగలిగితే ఆ మొక్కను హాలోఫైట్ అనొచ్చని ఒక లెక్క. సముద్రపు నీటిలో ఉండే ఉప్పులో ఇది మూడో వంతు. అయినా భూమ్మీది పూలమొక్కల్లో ఈ పరీక్ష నెగ్గేవి ఒక శాతం లోపే. అలాంటి మొండి మొక్కల్లో కేన్సర్ మందు ఉంటుందేమోనన్న ఆలోచన మాత్రం ఉప్పునేలల్లో పుట్టింది కాదు.

దాని మూలం బిళ్ళగన్నేరు. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఈ ఆకులో షుగర్ మందు వెతికారు. షుగర్ తగ్గలేదు గానీ ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. 1958 కల్లా విన్‌బ్లాస్టిన్ అనే కేన్సర్ మందు బయటపడింది. వెతికింది ఒకటి, చేతికొచ్చింది మరొకటి! 1960లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ మొక్కల్ని పెద్దఎత్తున జల్లెడ పట్టడం మొదలుపెట్టింది. 1962లో సేకరించిన పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన టాక్సాల్ అనే కేన్సర్ మందుకు 1992లో గానీ అనుమతి రాలేదు. ఈలోగా లక్షకు పైగా మొక్కల సారాలను పరీక్షించి, 1982లో ఆ కార్యక్రమాన్నే ఆపేశారు.

ఇంత గాలింపు తర్వాత, ఎక్కడ వెతకాలన్నదే ప్రశ్నయింది. ఉప్పు ఎక్కువైతే మొక్క కణాల్లో హానికర ఆక్సిజన్ రూపాలు పెరుగుతాయి. వాటిని అణచడానికి మొక్క ఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు వంటి యాంటీ ఆక్సిడెంట్ రసాయనాలు తయారుచేసుకుంటుంది. అవి కేన్సర్ కణాల మీదా పనిచేస్తాయేమోనని సాలికోర్నియా, సువేడా, మడ చెట్లు, జంకస్ గడ్డి లాంటి ఉప్పునేల మొక్కలు ల్యాబుల్లోకి వచ్చాయి. జంకస్ నుంచి వేరుచేసిన జంకునాల్ అనే రసాయనం కాలేయ కేన్సర్ కణాల మీద పనిచేసింది, అదీ ల్యాబులో పెంచిన కణాల మీద.

ఈ రంగంలో యాంటీ ఆక్సిడెంట్ అనగానే కేన్సర్ మందు దొరికినట్టు రాసే అలవాటుంది. నాకది తొందరపాటుగా కనిపిస్తుంది. పైగా ముడి సారంలో మిగిలిపోయిన ఉప్పే కణాలను చంపొచ్చు. ఆ సంగతి విడిగా తేల్చుకోకపోతే ఫలితం మొక్కదో ఉప్పుదో తెలియదు. అదే మొక్క వేరే నేలలో, వేరే కాలంలో కోస్తే సారమూ మారుతుంది.

అవిసీనియా జాతి మడ చెట్లలో దొరికిన నాఫ్థోక్వినోన్లు అనే కొన్ని రసాయనాలకు లాపచాల్ అనే మరో మొక్క రసాయనం దగ్గరి చుట్టం. జంతువుల్లో ఆశపెట్టిన ఆ లాపచాల్‌ను అమెరికాలో రోగులకు నోటి ద్వారా ఇచ్చి చూశారు. రక్తంలో మందు తగినంత మోతాదుకు చేరలేదు. దాన్ని పక్కన పెట్టేశారు.