పొట్ట ఆపరేషన్ చేయిస్తే పిల్లలు పుట్టరా? పీసీఓఎస్ అపోహలు, వాస్తవాలు

"పెళ్లి కావాల్సిన పిల్ల. ఇప్పుడు పొట్ట కోయిస్తే రేపు పిల్లలు పుడతారా మేడమ్?" అధిక బరువుతో పాటు పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల, నెలసరి దెబ్బతినే సమస్య) ఉన్నవాళ్లకు బరువు తగ్గే పొట్ట ఆపరేషన్ మాట వస్తే, గైనకాలజిస్టుగా ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో. అడిగేది ఎక్కువగా తల్లులే. అమ్మాయి పక్కన తల వంచుకుని కూర్చుంటుంది.

అపోహ: బరువు తగ్గే ఆపరేషన్‌తో పిల్లలు పుట్టే అవకాశం పోతుంది.

వాస్తవం: సర్జన్ గర్భసంచి, అండాశయాల జోలికే వెళ్లరు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని ముప్పావు వంతుకు పైగా తీసేసి సన్నని గొట్టంలా మిగులుస్తారు. మరి అండాశయాలకు మేలెలా? పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుకని శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అది అండాశయాల్లో మగ హార్మోన్లను పెంచుతుంది. దాంతో అండం విడుదల కాదు, నెలసరి తప్పుతుంది. బరువూ ఇన్సులినూ తగ్గితే ఈ వరస తిరగబడుతుంది. లండన్‌లో చేసిన బాంబిని ట్రయల్ ఫలితాలు 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె) 35, ఆపైన ఉన్న 80 మంది పీసీఓఎస్ మహిళల్లో సగం మందికి స్లీవ్ చేశారు, మిగతావాళ్లకు మందులు, ఆహార సలహాలు ఇచ్చారు. ఏడాదిలో ఆపరేషన్ అయినవాళ్లలో అండం విడుదల 2.5 రెట్లు ఎక్కువ.

అపోహ: పెళ్లయి ఇన్నేళ్లయినా కడుపు రాలేదు, ఆపరేషన్ అయ్యాక జాగ్రత్తలు ఎందుకు?

వాస్తవం: నాకు అసలు టెన్షన్ ఇక్కడే. కొన్ని నెలల్లోనే అండం విడుదల మొదలుకావచ్చు. అండం ముందు, నెలసరి తర్వాత. కాబట్టి "పీరియడ్ వచ్చాక చూద్దాం" అనుకుంటే అప్పటికే గర్భం రావచ్చు. మొదటి ఏడాది బరువు వేగంగా పడిపోతుంటుంది. ఐరన్, బీ12, ఫోలిక్ యాసిడ్, విటమిన్ డి తగ్గే కాలం కూడా అదే. అందుకే 12 నుంచి 18 నెలలు ఆగమంటాం. బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్నది చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే మరో పద్ధతి) తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటపట్టకపోవచ్చు. కాపర్-టీ లాంటివి మేలు. ఏ పద్ధతో ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోండి. ఒకవేళ తొందరగా గర్భం వచ్చినా భయపడి అబార్షన్‌కు పరుగెత్తకండి. డాక్టరు దగ్గరికి రండి. రక్తపరీక్షలు, బిడ్డ ఎదుగుదల స్కాన్లు దగ్గరగా చూసుకుంటే చాలామంది క్షేమంగా కంటారు.

అపోహ: ఆపరేషన్ తర్వాత జుట్టు ఊడుతోందంటే పీసీఓఎస్ ముదిరినట్టే.

వాస్తవం: కాదు. వేగంగా బరువు తగ్గినప్పుడు మూడో నెల నుంచి జుట్టు రాలడం మామూలే. ప్రోటీన్, ఐరన్ సరిగా అందితే తిరిగి వస్తుంది. గడ్డం మీద ఇప్పటికే ముదిరిన వెంట్రుకలు మాత్రం ఆపరేషన్‌తోనే పోవు, వాటికి లేజర్ కావాలి.

అపోహ: స్కాన్‌లో అండాశయాల్లో నీటిబుడగలు కనిపిస్తే ఆపరేషనే దారి.

వాస్తవం: అవి ఎదగకుండా ఆగిపోయిన అండాల సంచులు. వాటికోసం ఎవరూ పొట్ట ఆపరేషన్ చేయరు. సన్నగా ఉన్నవాళ్లకు ఇది అసలు వర్తించదు. బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. ముందు అదే ప్రయత్నించాలి. 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియావాళ్లకు బీఎంఐ 27.5 నుంచే ఆపరేషన్ ఆలోచించవచ్చన్నాయి. కానీ ఆ అంకె ఒక్కటి చూసి నేను ఎవరినీ పంపను. జీవితాంతం విటమిన్లు, పరీక్షలు ఉంటాయి. బరువు మళ్లీ పెరిగితే పీసీఓఎస్ కూడా తిరిగి రావచ్చు.

అపోహ: ఎప్పుడో అయిన ఆపరేషన్, గర్భిణిగా చూపించుకునేటప్పుడు చెప్పనక్కర్లేదు.

వాస్తవం: అత్తగారింట్లో తెలుస్తుందని దాచేవాళ్లను చూశాను. ఇంట్లో చెప్పాలా వద్దా మీ ఇష్టం, డాక్టరుకు మాత్రం చెప్పి తీరాలి. షుగర్ పరీక్ష కోసం గర్భిణులకు ఇచ్చే గ్లూకోజ్ నీళ్లు బైపాస్ అయినవాళ్లకు పడవు. చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం మొదలవుతాయి. విషయం తెలిస్తే గ్లూకోజ్ తాగించకుండా, వారం పాటు ఇంట్లో వేలి చివర రక్తంతో చూసుకోమంటాం.