బైక్ బీమా: నడిపేవారిని వదిలేసిన చట్టం, ఆ తర్వాత పడిన అతుకులు

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. అయినా బైక్‌కు చట్టం తప్పనిసరి చేసిన బీమా వీళ్ల కోసం రాసింది కాదు. ట్రాఫిక్ పోలీసులు ఆపి అడిగే ఆ కాగితం, మన బండి ఎవరిని గుద్దిందో వాళ్లకు పరిహారం ఇవ్వడానికి. నడిపేవారికి, వెనక కూర్చున్నవారికి, బండికి రక్షణ తర్వాతి కాలంలో ఒక్కొక్కటిగా చేరింది. అందుకే ఇప్పటికీ వీటి ప్రీమియంలు విడివిడిగా ఉంటాయి, ఒకటి ఉండి ఇంకొకటి లేకపోవడం మామూలైపోయింది.

బ్రిటన్ 1930లో తెచ్చిన రోడ్ ట్రాఫిక్ చట్టం, వాహన యజమాని చేతిలో డబ్బు లేకపోయినా బాధితుడికి పరిహారం అందాలన్న ఉద్దేశంతో బీమాను తప్పనిసరి చేసింది. మన 1939 మోటారు వాహనాల చట్టం అదే దారి పట్టింది. అందులోని బీమా అధ్యాయం 1946 జులై 1న అమల్లోకి వచ్చింది. యజమాని, బీమా కంపెనీ కాక బయటి మనిషి ఎవరైనా థర్డ్ పార్టీ. వాహనంలో ఎక్కినవారి విషయానికొస్తే, కిరాయి ఇచ్చి ప్రయాణించేవారికి మాత్రమే కవర్ తప్పనిసరి. బైక్ వెనక కూర్చున్నవారు కిరాయి ఇవ్వరు కాబట్టి లెక్కలోకి రాలేదు.

1989 జులై 1 నుంచి అమలవుతున్న 1988 చట్టంలో సెక్షన్ 146 బీమా ఉండాలంటుంది, 147 ఆ పాలసీలో ఏముండాలో చెబుతుంది. బయటివారి ప్రాణనష్టానికి, గాయాలకు కంపెనీ బాధ్యతకు పరిమితి లేదు. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంత. ఆస్తినష్టానికి బైక్ పాలసీలో మామూలుగా లక్ష రూపాయల వరకు ఉంటుంది. దాన్ని రూ.6,000కు తగ్గించుకుంటే ప్రీమియంలో రూ.50 మిగులుతుంది. ఆ తగ్గింపు తీసుకోవద్దు. ఒక కారు తలుపు, బంపర్ బాగు చేయించినా ఆ ఆరు వేలు చాలవు. అసలు బీమానే లేకుండా పట్టుబడితే 2019 సవరణ తర్వాత మొదటిసారి రూ.2,000 జరిమానా లేదా మూడు నెలల జైలు లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే జరిమానా రూ.4,000. అయితే చలాన్ చిన్న సంగతి. ప్రమాదం మన తప్పే అయితే లక్షల పరిహారం సొంత ఆస్తిలోంచి కట్టాలి.

వెనక సీటు గొడవ చాలా ఏళ్లు నడిచింది. 1999 డిసెంబర్‌లో సత్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కొత్త చట్టంలో 'ఎవరైనా వ్యక్తి' అని ఉంది కనుక కిరాయి ఇవ్వని ప్రయాణికులూ అందులోకి వస్తారంది. 2002 చివర్లో ఆశారాణి కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. 2006లో తిలక్ సింగ్ కేసు ఆ వాదనను నేరుగా స్కూటర్ వెనక సీటుకు వర్తింపజేసింది: చట్టం అడిగిన కనీస పాలసీ మాత్రమే ఉంటే, ఉచితంగా వెనక కూర్చున్న మనిషికి కంపెనీ బాధ్యత లేదు. 2008లో సుధాకరన్ కేసులోనూ ఇదే మాట. భర్త నడుపుతూ కిందపడి భార్య చనిపోతే, బండికి థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే, ఆ కుటుంబం ట్రిబ్యునల్‌లో ఈ తీర్పులనే ఎదుర్కోవాలి.

ఫుల్ ఇన్సూరెన్స్ అని మనం పిలిచే ప్యాకేజ్ పాలసీ సంగతి వేరు. దాని లయబిలిటీ భాగంలో వాహనంలో ఉన్నవారు కూడా వస్తారని రాసి ఉంటుంది. అయినా కంపెనీలు కోర్టుల్లో కాదంటూ వచ్చాయి. చివరికి 2009 నవంబర్ 16న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ ఒక సర్క్యులర్ ఇచ్చి, ప్యాకేజ్ పాలసీలో పిలియన్ రైడర్, అంటే వెనక కూర్చున్నవారి, బాధ్యత ఉందని తేల్చింది. 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా కనీస పాలసీకి, ప్యాకేజ్‌కు ఉన్న ఈ తేడాను నిలబెట్టింది. కాబట్టి పాలసీ చేతికి రాగానే పైన ఏ పేరుందో చూడాలి. 'లయబిలిటీ ఓన్లీ' అని ఉంటే వెనక సీటుకు రక్షణ ఉందనుకోవద్దు. అలాంటప్పుడు పిలియన్ కోసం విడిగా పర్సనల్ యాక్సిడెంట్ కవర్ చేర్పించుకోవచ్చు. పేరు రాయకుండానే, ఎవరు కూర్చున్నా వర్తించేలా అది దొరుకుతుంది. మొత్తం మాత్రం చిన్నది.

ఇక నడిపేవారి సంగతి. యజమాని తన బండికి తాను థర్డ్ పార్టీ కాడు. వేరే వాహనం తప్పు ఉంటే ఆ వాహనం బీమా నుంచి పరిహారం అడగవచ్చు. కుక్క అడ్డమొచ్చి పడినా, ఇసుక మీద జారినా అడగడానికి ఎవరూ ఉండరు. ఈ ఖాళీని పూడ్చడానికి, అన్ని కంపెనీలకూ ఒకే ధరలు, షరతులు పెట్టిన 2002 మోటార్ టారిఫ్ యజమానికి పర్సనల్ యాక్సిడెంట్ కవర్‌ను తప్పనిసరి చేసింది. బైక్‌లకు లక్ష రూపాయలు, ప్రీమియం రూ.50. ఏళ్లు గడిచినా ఆ లక్ష కదల్లేదు. 2017లో మద్రాసు హైకోర్టు మందలించాక, 2018 సెప్టెంబర్‌లో ఐఆర్‌డీఏఐ దాన్ని రూ.15 లక్షలకు పెంచి ఏడాదికి రూ.750 ప్రీమియం పెట్టింది. 2019 జనవరి నుంచి దీన్ని బండి పాలసీతో కలపకుండా విడిగా కూడా కొనవచ్చు. మనిషికి ఒకటి చాలు, ప్రతి బండికీ అక్కర్లేదు. అప్పటికే రూ.15 లక్షల ప్రమాద బీమా ఉన్నవారికి మినహాయింపు కూడా ఉంది.

పీఏ అని షెడ్యూల్‌లో కనిపించే ఈ కవర్ గురించి అపోహలు చాలా. మరణానికి, రెండు కాళ్లో చేతులో కళ్లో పోతే నూరు శాతం, ఒకటి పోతే యాభై శాతం ఇస్తుంది. కాలు విరిగి ఆరు వారాలు మంచం పడితే ఏమీ రాదు. ఆసుపత్రి బిల్లు దీని పరిధిలో లేదు, దానికి ఆరోగ్య బీమానే దిక్కు. నడిపే సమయానికి చెల్లే లైసెన్స్ ఉండాలి. పైగా ఇది ఆర్సీలో పేరున్న యజమానికి రాసిన కవర్. మన ఇళ్లలో బండి నాన్న పేరు మీద ఉంటుంది, రోజూ నడిపేది కొడుకో కూతురో. 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు, బండి అరువు తెచ్చుకుని నడిపినవారు యజమాని స్థానంలోకి వస్తారు కనుక ఆ బండి బీమా కంపెనీ మీద థర్డ్ పార్టీగా క్లెయిమ్ చేయలేరంది. 2020లో రామ్‌ఖిలాడీ కేసులోనూ అంతే. పాలసీ ఒప్పందంలో ఉన్న లక్ష రూపాయలు తప్ప ఆ కుటుంబానికి ఆ కంపెనీ నుంచి ఇంకేమీ రాలేదు. రోజూ నడిపేవారి పేరు మీద విడిగా ప్రమాద బీమా తీసుకోవడమే దీనికి మందు. బైక్ బీమాలో మొదట చూడాల్సింది ఇదేనని మా అభిప్రాయం, బండి రిపేర్ సంగతి తర్వాత.

ధరల చరిత్ర ఇంత చిక్కుగా లేదు. 1973 జనవరి 1న 107 బీమా సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలయ్యాయి. 2000 తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి, నియంత్రణ సంస్థ మరుసటి ఏడాది హైదరాబాద్‌కు తరలింది. 2007 జనవరి 1 నుంచి సొంత బండి నష్టానికి, అంటే ఓన్ డ్యామేజ్‌కు, ధర కంపెనీల ఇష్టం. థర్డ్ పార్టీ రేటు మాత్రం ప్రభుత్వ నోటిఫికేషన్‌తోనే నడుస్తుంది. 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేట్లలో 75 సీసీ వరకు రూ.538, 150 వరకు రూ.714, 350 వరకు రూ.1,366, ఆపైన రూ.2,804. వీటి మీద 18 శాతం జీఎస్టీ. ఈ భాగంలో ఒక కంపెనీ చవక, ఇంకొకటి ఖరీదు అన్న ప్రశ్నే లేదు. ఎవరైనా మొత్తం ప్రీమియం బాగా తగ్గించి చెబితే, తగ్గింది ఓన్ డ్యామేజ్‌లోనో బండి విలువగా పాలసీలో రాసే ఐడీవీలోనో అని అర్థం. పీఏ తీసేసి ఉన్నా ఆశ్చర్యం లేదు.

2018 జులై 20న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఇంకో మలుపు. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ వేసిన రోడ్డు భద్రత పిటిషన్‌లో, ఏటా రెన్యువల్ మరచిపోతున్న బైక్‌లు ఎక్కువ ఉన్నాయి కనుక కొత్త బైక్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి అమ్మాలని చెప్పింది. సెప్టెంబర్ 1 నుంచి అమలైంది. దీనితో 150 సీసీ వరకు బైక్‌కు ఐదేళ్లకు కలిపి రూ.3,851 ఒకేసారి కడుతున్నాం. ఉద్దేశం మంచిదే. కానీ షోరూమ్‌లో 'ఐదేళ్ల ఇన్సూరెన్స్ అయిపోయింది' అన్న మాట విని ఎంతోమంది మోసపోతున్నారు. చాలా పాలసీల్లో ఐదేళ్లు థర్డ్ పార్టీకి, ఏడాది మాత్రమే ఓన్ డ్యామేజ్‌కు. పీఏ కూడా తరచూ ఏడాదికే ఉంటుంది. పద్నాలుగో నెలలో బండి పోతే వచ్చేది శూన్యం. పోలీసులు చూసేది థర్డ్ పార్టీ ఒక్కటే కాబట్టి దారిలో ఎక్కడా ఈ లోటు బయటపడదు. పాలసీలో ఒక్కో భాగానికీ గడువు తేదీ వేరుగా ఉంటుంది, అవి చూసుకోవాలి. 2019 సెప్టెంబర్ నుంచి ఓన్ డ్యామేజ్‌ను ఒంటరిగా, వేరే కంపెనీ దగ్గరైనా తీసుకునే వీలుంది.

ఓన్ డ్యామేజ్ ఎంత ఇస్తుందో 2002 టారిఫ్ పట్టికలే ఇప్పటికీ ఎక్కువగా నిర్ణయిస్తున్నాయి. బండి విలువ, అంటే ఐడీవీ, తయారీ కంపెనీ ప్రకటించిన అమ్మకం ధర నుంచి రెండో ఏడాది 20, మూడో ఏడాది 30, నాలుగో ఏడాది 40 శాతం తగ్గుతుంది. బండి పోయినా, రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటినా వచ్చేది ఈ మొత్తమే. ఐడీవీ తగ్గించి ప్రీమియం తగ్గిస్తామంటే ఆ తగ్గుదల మన జేబుకే నష్టం.

రిపేర్‌లో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి సగమే ఇస్తారు. లోహపు భాగాలకు వయసును బట్టి కోత. రెండున్నరేళ్ల బైక్ తీసుకుందాం. ప్లాస్టిక్ రూ.4,000, ట్యాంక్ రూ.6,000, పెయింట్ రూ.2,000, లేబర్ రూ.1,500, మొత్తం రూ.13,500 బిల్లు. ప్లాస్టిక్‌లో సగం పోతుంది, ట్యాంక్‌లో 15 శాతం పోతుంది. పెయింట్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా పట్టి అందులో సగం కోస్తారు. ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు రూ.100 కూడా తీసేస్తే చేతికి రూ.10,250. జీరో డిప్ అనే అదనపు కవర్ తీసుకుంటే ఈ తరుగు కోతలు ఉండవు. ప్లాస్టిక్ ఎక్కువున్న స్కూటర్‌కు, ఫెయిరింగ్ ఉన్న స్పోర్ట్స్ బైక్‌కు మొదటి మూడేళ్లు అది దండగ కాదు.

చిన్న గీతకు క్లెయిమ్ వేయాలా? ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.1,500, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం అనుకుందాం. ఒక క్లెయిమ్‌తో అది సున్నా అవుతుంది. మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరేలోగా మొత్తం సుమారు రూ.1,875 పోతుంది. చేతికొచ్చేది అంతకంటే తక్కువైతే సొంతంగా చేయించుకోవడమే లాభం. గడువు తీరి 90 రోజులు దాటినా ఈ బోనస్ పోతుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వరద ఓన్ డ్యామేజ్‌లో ఉంటుంది, థర్డ్ పార్టీలో ఉండదు. అయితే నీళ్లు చేరిన ఇంజన్‌కు సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇది వరద నష్టం కాదు, తర్వాత మీరు చేసిన పని వల్ల వచ్చిన నష్టమని, నష్టం అంచనా వేసే సర్వేయర్ రాస్తారు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ లేకపోతే ఆ బిల్లు మనదే. మునిగిన బండికి తాళం తిప్పకూడదు. నీటి మట్టం కనిపించేలా ఫొటోలు తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, కంపెనీకి చెప్పి, బండిని ట్రాలీ ఆటోలో వర్క్‌షాప్‌కు పంపాలి.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారికి సెక్షన్ 157 ప్రకారం థర్డ్ పార్టీ కవర్ దానంతటదే బదిలీ అవుతుంది, ఓన్ డ్యామేజ్ కాదు. 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేసి పేరు మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, కాబట్టి ఆ తేడా ప్రీమియం కట్టాలి. అమ్మినవారు ఆర్సీ మారిందో లేదో చూసుకోవాలి. 2018లో నవీన్ కుమార్ కేసులో బండి చేతులు మారి చాలాకాలమైనా, రికార్డులో పేరున్న మొదటి యజమానే పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బు తీసుకుని సంతకం చేసిన ఫారాలు కొన్నవారి చేతిలో పెట్టి ఊరుకోకుండా, బదిలీ అయినట్టు రవాణా శాఖ సైట్‌లో పేరు మారేవరకు అమ్మినవారే వెంటపడాలి.