వాచీ చూపే కేలరీలను ఎంతవరకు నమ్మొచ్చు? అపోహలు - వాస్తవాలు

అపోహ: కేబీఆర్ పార్కు చుట్టూ నడిస్తే వాచీలో 400 పడింది. అంటే 400 కేలరీలు ఖర్చయినట్టే.

వాస్తవం: వాచీ కొలిచేది నాడిని. కేలరీలనేవి మీ వయసు, బరువు, ఎత్తు కలిపి అది వేసే అంచనా. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షిస్తే, ఆరింటిలో గుండె వేగం తేడా 5 శాతం లోపే వచ్చింది. కేలరీల దగ్గర మాత్రం అన్నిట్లోకీ మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. పైగా ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చును చాలా వాచీలు మొత్తంలో కలిపేస్తాయి. 60 కిలోల మనిషికి అది గంటకు సుమారు 60. గంటకు అయిదున్నర కిలోమీటర్ల చొప్పున గంటసేపు నడిస్తే మొత్తం 250 దాకా అవుతుంది, అందులో నడక వాటా 200కు మించదు. ఇంటికెళ్తూ దారిలో మిర్చి బజ్జీ తినేముందు చూసుకోవాల్సింది ఈ 200నే.

అపోహ: ఎండాకాలంలో అదే నడకకు కొవ్వు ఎక్కువ కరుగుతుంది.

వాస్తవం: మే నెలలో ఒళ్లు చల్లబడటానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో నీరు పోతుంది. అందుకే అదే వేగానికి గుండె నిమిషానికి పది, పదిహేనుసార్లు ఎక్కువ కొట్టుకోవచ్చు. కాళ్లు చేసిన పని మారలేదు. వాచీకి ఆ సంగతి తెలియదు, కేలరీలు పెంచేస్తుంది. బరువులు ఎత్తేటప్పుడూ ఇంతే: బిగపట్టి ఎత్తితే నాడి ఎగురుతుంది, ఖర్చు మాత్రం అంత ఉండదు.

అపోహ: 220లోంచి వయసు తీసేస్తే వచ్చేదే మన గుండె వేగానికి గరిష్ఠ హద్దు.

వాస్తవం: అది సగటు. మనిషిని బట్టి పది, పన్నెండు అటూ ఇటూ మామూలే. విశ్రాంతి నాడిని కూడా లెక్కలోకి తీసుకోండి. పొద్దున్నే మంచం దిగకముందు నిమిషంపాటు లెక్కపెట్టాలి. 45 ఏళ్లు, విశ్రాంతి నాడి 70 అనుకుందాం. 175లోంచి 70 తీస్తే 105. అందులో 40 నుంచి 59 శాతం తీసుకుని మళ్లీ 70 కలిపితే 112–132. మధ్యస్థ వ్యాయామం అంటే ఇదే. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంకెకూ ఆయాసానికీ పొంతన లేకపోతే మేం ఆయాసాన్నే నమ్మమంటాం.

మెటోప్రోలాల్, అటెనోలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవారికి ఈ లెక్క అసలు పనికిరాదు. ఆ మందులు నాడిని పెరగనివ్వవు. వాచీలో అంకె కోసం పరుగు పెంచకండి, హద్దు ఎంతో డాక్టర్‌నే అడగండి.

అపోహ: వాచీ ఎలా పెట్టుకున్నా ఒకటే.

వాస్తవం: మణికట్టు ఎముకకు వేలెడు పైన, జారకుండా పెట్టుకోవాలి. వదులైతే పరుగులో నాడికి బదులు అడుగుల లయను పట్టుకుంటుంది. తేలిగ్గా పరిగెడుతున్నా 165 దగ్గరే కదలకుండా ఉందంటే అనుమానించి, ఆగి మెడ దగ్గర నాడి చూడండి. విరామాలతో వేగం మార్చి పరిగెత్తేవారికి ఛాతీకి కట్టుకుని నాడిని కొలిచే పట్టీ మేలు. కట్టుకునే ముందు లోపలి పలకలను నీళ్లతో తడపాలి, పొడిగా ఉంటే మొదటి కొన్ని నిమిషాలు అంకెలు గంతులేస్తాయి. వాడాక సెన్సార్‌ను పట్టీ నుంచి విడదీయండి. తడి పట్టీకి అతికే ఉంటే బ్యాటరీ ఊరికే అయిపోతుంది.